తిప్పని తాళంచెవి

మద్దిలపాలెం,
సెప్టెంబరు 2

నా దాలయ్యకు,

‘నా’ అన్నమాట ఒకసారి కొట్టేసి మళ్ళీ రాశాను. ఆ కొట్టివేత నీకు కనబడుతూనే ఉంటుంది. కనబడనీ.

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తిన ఒక్కసారీ నేను వాదిస్తానని పెట్టేశావు. వాదిస్తాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను వాదించని రోజులు ఏవైనా ఉంటే అవి నాకు టైఫాయిడ్ వచ్చిన రోజులే. అందుకే ఉత్తరం. దీనికి ఎదురు చెప్పాలంటే నువ్వు కూడా కాగితం, పెన్ను పట్టుకోవాలి, అదీ నా ఎత్తు. మీ పాపాయమ్మ పిన్ని రోజూ ఐసు కోసం ఫిషింగ్ హార్బరులో మీ ఫ్యాక్టరీకి వస్తుంది కదా, ఆమె గంపలోనే పంపుతున్నాను, ప్లాస్టిక్ సంచిలో చుట్టి. కానాగంత చేపల వాసన వేస్తే నన్ను తిట్టకు.

పదకొండు నెలలైంది. మన మధ్య ఉన్నది ఒక సిటీ బస్సు, ఒక షేర్ ఆటో. అంత దగ్గర్లో ఉన్న మనిషి కోసం ఎదురుచూడటం చాలా అవమానంగా ఉంటుంది. దూరదేశం పోయినవాడైతే దూరాన్ని తిట్టుకోవచ్చు. నేను ఎవర్ని తిట్టుకోను?

మొన్న మా అధ్యయన బృందంలో పిల్లలు డేటా సెంటర్ గురించి చెప్పమన్నారు. వాళ్ళకు అదేదో ఆకాశంలో తేలే మేఘం అని నేర్పారు. మేఘమూ కాదు, మాయా కాదు, నాలుగు గోడలూ, కరెంటూ, నీళ్ళూ, వేడీ అన్నాను. బీరువాల్లాంటి ర్యాకుల్లో కంప్యూటర్లు పగలూ రాత్రీ వేడి కక్కుతుంటాయి. ఒక వరసలోకి చల్లగాలి పోతుంది, పక్క వరసలోంచి వేడిగాలి వస్తుంది, ఆ రెండూ కలవకూడదు. వేడిని లాగి బయట పారేసేవాళ్ళు కొందరు, అది నిప్పు కాకుండా కాపలా కాసేవాళ్ళు కొందరు అని చెప్పాను. చల్లబరిచేవాడివి నువ్వు, కాపలా నేను అన్నమాట వాళ్ళకు చెప్పలేదు. ఆ వరసల మధ్య నడుస్తూ నువ్వు ముంజెయ్యి పైకెత్తి “ఇరవై నాలుగున్నర” అంటే గోడ మీద మీటరు కూడా అదే చెప్పేదని అసలే చెప్పలేదు.

చల్లబరిచే చిల్లర్ యంత్రాలు నాలుగు సరిపోయే చోట ఐదు పెడతారు. ఒకటి ఆగితే ఇంకోటి అందుకోవాలని. సముద్రపు గాలిలో ఉప్పు వాటి రేకుల్ని తినేస్తుందని వాటికి పూత, కడుగుడు, నెలనెలా పరీక్ష. అదే ఉప్పుగాలిలో, అదే ఎండలో గేటు దగ్గర నిలబడే గార్డుకి రేకుల షెడ్డు కూడా లేదు. నేనిది పత్రికలో రాసినప్పుడు మన ఫెసిలిటీ మేనేజరు గవర్రాజు పిలిచి, మీరు జీతం తీసుకునేది ఇక్కడే కదా మేడం అన్నాడు. అవును, వేరేచోట తీసుకుంటే వేరేచోటి సంగతి రాసేదాన్ని అన్నాను. క్యాంటీన్లో ఇది చెబితే నీకు నవ్వుతో పొలమారింది. వీపు మీద చరిచింది నేనే.

ఇప్పుడు మనింట్లో కూడా అన్నీ ఒకటి ఎక్కువే. ఒక కంచం ఎక్కువ, ఒక తలగడ ఎక్కువ, బాల్కనీలో ఒక కుర్చీ ఎక్కువ. ఏదీ దేన్నీ అందుకోవడం లేదు.

నీ కోపం ఫైర్ సేఫ్టీ ఆఫీసరుగా నేను రాసిన రిపోర్టు మీద. అందులో ఏముంది? దసరా ఆయుధపూజనాడు కూలింగ్ ఆపరేటర్ దాలయ్య బ్యాటరీల గదిలోని ఏసీ యంత్రం ముందు సాంబ్రాణి వెలిగించాడు. అక్కడి గాలిని గొట్టాలతో పీల్చి పొగ పసిగట్టే పరికరం మొదటి హెచ్చరిక ఇచ్చింది. రెండో పరికరం కూడా పసిగట్టడంతో సైరన్ మోగింది. ముప్పై సెకన్ల తర్వాత నిప్పును ఆర్పే గ్యాస్ విడుదలైంది. తలుపు పక్కనున్న ఆపే మీటను దాలయ్య నొక్కలేదు. లోపలున్న క్లీనింగ్ కార్మికురాలు చిలకమ్మకి గాయమైంది. అంతే. ఆ కాగితంతో నిన్ను పంపేశారు. ఆమెను కాంట్రాక్టరు మాన్పించేశాడు. అదే వారం నువ్వు ఇల్లు కూడా వదిలి హార్బరులో గది తీసుకున్నావు.

నిజం రాయడం నా వృత్తి. భర్త అని ఒక వాక్యం మెత్తగా రాసి ఉంటే నన్ను నువ్వే గౌరవించేవాడివి కాదు. ఆ రిపోర్టులో ఒక్క అబద్ధం ఉంటే చూపించు. చూపించడానికైనా రా.

ఎదురుచూస్తూ, వాదిస్తూ,
రత్నం

———

మద్దిలపాలెం,
సెప్టెంబరు 13

దాలయ్యా, నా మనిషీ,

జవాబు రాలేదు. పాపాయమ్మ అత్త మన గుమ్మంలో గంప దించి, కాళ్ళు చాపుకుని కూర్చుని నీ సంగతి చెప్పింది. “సదివాడు. మడిసి జేబులో ఎట్టుకున్నాడు. సిక్కిపోనాడు గాని మీసం మాత్రం బాగా ఎట్టాడు.” తర్వాత నన్ను పైనుంచి కిందికి చూసి, “నువ్వు రాసీది సాలించి ఓపాలి ఎల్లి కనబడొచ్చు కదే కోడలా” అంది. వస్తే గేటు దగ్గరే గొడవ పడతానత్తా అన్నాను. “పడితే పడు. ఐసు ఫ్యాక్టరీయే కదా, సల్లారతారు” అంది. ఆమె వెళ్ళాక చాలాసేపు నవ్వాను, ఆ నవ్వు చివర్లో పాడైపోయింది.

ఈ ఉత్తరం ఇంకోటి చెప్పడానికి. సోమవారం ఎండుచేపల కోసం పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాను. ఒక గోనెపట్టా మీద నెత్తళ్ళు పరుచుకుని చిలకమ్మ కూర్చుని ఉంది. నేను పలకరిస్తే వినలేదు. మళ్ళీ పిలిస్తే తల మొత్తం తిప్పి కుడిచెవి నా వైపు పెట్టింది. ఎడమచెవి పోయిందట. మంట కాదు, ఊపిరాడకపోవడం కాదు, ఆ సిలిండర్ల గ్యాస్ ఒక్కసారిగా తన్నుకొచ్చే చప్పుడుకు పోయింది. రిపోర్టులో ‘గాయం’ అని రాశాను చూడు, అదీ ఆ గాయం. ఏ గాయమో రాయలేదు, ఎందుకంటే నేను అడగలేదు.

పదకొండు నెలలు అడగలేదు. కార్మికుల మీద ఇరవై ఏళ్ళుగా వ్యాసాలు రాస్తున్న కనకరత్నం, తన చేతి కింద గాయపడ్డ కార్మికురాలిని ఒక్క ప్రశ్న అడగలేదు. నాకు గణాంకాలు కావాలి, ఉదాహరణలు కావాలి. మనిషి దగ్గరికెళ్ళి కూర్చోవడానికి మాత్రం తీరిక లేదు.

పక్కన కూర్చుని అప్పుడడిగాను. సైరన్ మోగితే అందరూ బయటికి పరిగెత్తాలి కదా, నువ్వు గుమ్మంలో ఉన్నదానివి లోపలికెందుకు పోయావు అని. ఆమె నన్నొక తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది.

“సైరనేత్తే గట్టి గోడలున్న గదిలోకి ఎల్లి, తలుపేసుకుని, మూల కూకోమన్నారు కదమ్మా. తుపానులకి మా ఊళ్ళో అదే నేర్పినారు. పిల్లల్ని కూడా అలాగే ఉరికించీవోళ్ళం. నాకింకో సైరన్ ఉంటాదని ఎవులు సెప్పినారు?”

ఎవరూ చెప్పలేదు. ఆ గది తలుపు మీద ఎర్రరంగులో హెచ్చరిక ఉంది, ఇంగ్లీషులో. ఇంజనీర్లకు ఏడాదికి రెండుసార్లు శిక్షణ, టీ బిస్కెట్లతో. తుడిచేవాళ్ళు మన జాబితాలో లేరు, వాళ్ళు కాంట్రాక్టరు మనుషులట. ఆ జాబితా తయారుచేసింది గవర్రాజు, కింద సంతకం పెట్టింది నేను. సముద్రం ఒడ్డున కట్టిన భవనంలో, సముద్రం ఒడ్డు మనుషులకు సైరన్ అంటే ఏమిటో తెలుసుకోకుండా సైరన్ పెట్టాం. ఆమె తప్పు చేయలేదు. తనకు నేర్పిన పాఠం అక్షరం తప్పకుండా పాటించింది. ఆ పాఠం మన దగ్గర ప్రాణం మీదికొచ్చేది.

ఇంకా చెప్పింది. కొబ్బరినీళ్ళు ఒలికితే తుడవడానికి, ప్రసాదం తీసుకోవడానికి వచ్చిందట. ఆమె లోపలికి పోగానే నువ్వు సాంబ్రాణి పళ్ళెం వదిలేసి వెనకే పోయావట. బ్యాటరీల వెనక మూల పట్టుకుని ఆమె రానని మొండికేస్తే ఎత్తి భుజాన వేసుకున్నావట. “ఆ బాబు రాకపోతే రెండో సెవి కూడా పోయీది” అంది.

ఆపే మీట నొక్కితే సరిపోదు, నొక్కి పట్టుకుని అక్కడే నిలబడాలి. చెయ్యి తీస్తే లెక్క మళ్ళీ మొదలవుతుంది. అంటే మీట దగ్గర నిలబడటమో, లోపలికి వెళ్ళి మనిషిని తేవడమో, రెండిట్లో ఒకటే నీ చేతిలో ఉంది. నువ్వు మనిషిని ఎంచుకున్నావు. నేను ‘మీట నొక్కలేదు’ అని రాశాను. ఒక్క అబద్ధం చూపించమన్నానే, చూశావా, అబద్ధం అక్కర్లేకుండానే ఎంత పని జరిగిందో. నేను జీవితమంతా తిట్టిన పత్రికలు, ప్రభుత్వాలు సరిగ్గా ఇలాగే రాస్తాయి.

ఇక అసలు సంగతి.

అంతకు ముందు మూడు దసరాలకూ నేను ఏం చేశానో మన ఆఫీసులో నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నడవాలో ప్యానెల్ దగ్గర తాళంచెవి తిప్పి ఆ గదిని మాన్యువల్‌లో పెట్టేదాన్ని. అప్పుడు పొగ వచ్చినా గ్యాస్ తనంత తాను వదలదు. నువ్వు పది నిమిషాల్లో బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పొగ చూపించి వచ్చేవాడివి. మళ్ళీ తిప్పేసేదాన్ని. హేతువాదిని, పూజ కోసం రక్షణ యంత్రాన్ని నిద్రపుచ్చేదాన్ని. మొదటిసారి ఒప్పుకోనంటే నువ్వన్నావు, “మా అయ్య బోటు ఇంజనుకి ఎట్టీవోడు. ఇదీ మనతో పాటే పని సేత్తాది. ఏడాదికోపాలి బొట్టెడితే నీ విప్లవం ఆగిపోద్దేటి?” నాకు జవాబు దొరకలేదు. నీ ముందు నాకు జవాబు దొరకని ఘడియలు నేను లోలోపల ఎంత ఇష్టపడతానో నీకు ఎప్పుడూ చెప్పలేదు.

పోయిన దసరాకి రెండు రోజుల ముందు, పనిచోట పూజలెందుకని నా వ్యాసం అచ్చయింది. సాయంత్రం మా బృందం మనింటికొచ్చి మెచ్చుకుంటుంటే, నువ్వు టీ గ్లాసులు తెస్తూ, “మరి మూడేళ్ళుగా తాళం తిప్పినోళ్ళెవరో అందులో రాయలేదేటి?” అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు రెండు రోజులు నా గొంతులో ముల్లులా ఉంది.

ఆయుధపూజనాడు ప్యానెల్ దగ్గరికి వెళ్ళాను. తాళంచెవి చేతిలో ఉంది. తిప్పలేదు. జేబులో వేసుకుని కంట్రోల్ రూముకి పోయి కూర్చున్నాను. మొదటి హెచ్చరిక మాత్రమే వస్తుంది, అందరి ముందూ నీ పరువు పోతుంది, అక్కడితో ఆగుతుంది అనుకున్నాను. తెర మీద ఎర్రగా మొదటి హెచ్చరిక వచ్చింది. నాకు సంతోషం వేసింది. దాచకుండా రాస్తున్నాను, దాలయ్యా. సంతోషం వేసింది. లేచి పరిగెత్తి తాళం తిప్పడానికి నాకు దాదాపు ఒక నిమిషం ఉంది. ఆ నిమిషమంతా నేను గెలిచినట్టు కూర్చున్నాను. సైరన్ మోగాకే లేచాను. నడవా సగంలో ఉండగా ఆ చప్పుడు వినిపించింది.

ఇది రిపోర్టులో లేదు. ఇది నీకు కూడా చెప్పలేదు.

నీకు దగ్గరగా ఉండే అర్హత లేకపోయినా,
నీ రత్నం

———

మద్దిలపాలెం,
సెప్టెంబరు 21

ప్రియమైన దాలయ్యకు,

ఈసారి వాదన లేదు, వార్త మాత్రమే.

కొత్త రిపోర్టు రాశాను. ఒక ప్రతి గవర్రాజు బల్ల మీద పెట్టాను, ఇంకోటి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. గవర్రాజు తలుపు వేసి, ఏడాది కావస్తున్న సంగతి మీరెందుకు మేడం తవ్వుతారు, మీ ఉద్యోగమే పోతుంది అన్నాడు. చిలకమ్మ ఉద్యోగం పోయినప్పుడు మీరు ఇంత బాధపడలేదే అన్నాను. పాపం, అతనికీ పైన ఒకడుంటాడు. కాని పైనున్నవాడిని చూపించి కిందున్నవాళ్ళను తొక్కే మనుషుల మీద నాకు జాలి ఎక్కువసేపు నిలవదు. మర్నాడే నన్ను సస్పెండ్ చేశారు. వచ్చే బుధవారం పదకొండింటికి ఇన్‌స్పెక్టరు ముందు విచారణ.

అందులో నేను రాసింది ఇది. ప్రతి ఏడూ తాళం తిప్పింది, పోయిన ఏడు తిప్పనిదీ నేనే. ఆ ఏడు కూడా తిప్పి ఉంటానన్న నమ్మకంతోనే దాలయ్య సాంబ్రాణి వెలిగించాడు. కాబట్టి అతని తప్పు ఏమీ లేదు. మీట దగ్గర ఆగకుండా మనిషిని కాపాడాడు. తెలుగులో హెచ్చరిక పెట్టనిది, కార్మికులకు సైరన్ గురించి చెప్పనిది యాజమాన్యం, దానికి ఒప్పుకుని సంతకం చేసింది నేను. తప్పంతా మా వైపుదే.

రాసి సంతకం పెట్టాక తేలిక పడతాననుకున్నాను. పడలేదు. ఇంటికొచ్చి కిటికీలన్నీ తెరిచాను, నువ్వు రాగానే చేసే పని అది. సముద్రం వైపు గాలి వచ్చింది. బయటి నుంచి వచ్చి చల్లటి అరచెయ్యి నా మెడ వెనక పెట్టి “ఎంత కాలిపోతన్నావే” అనేవాడివి. వాదించేవాళ్ళ మెడలు అలాగే ఉంటాయనేదాన్ని. ఇప్పుడు వాదించడానికి మనిషి లేడు, అయినా చల్లబడటం లేదు.

మన యంత్రాలకు ఒక గుణం ఉంది. గది వేడెక్కితే అవి అడక్కుండానే వేగం పెంచుతాయి. మనుషులం అడగాలి. నేను జీవితంలో ఎన్నో డిమాండ్లు చేశాను, ఎవర్నీ ఏదీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నీ మీద పడ్డ మచ్చ పోయింది. ఇంటికి రా.

నీ కోసం,
రత్నం

———

ఫిషింగ్ హార్బరు,
సెప్టెంబరు 26

రత్నానికి,

నాకు నీలాగ రాయడం రాదు. మూడు ఉత్తరాలూ ఎన్నిసార్లు చదివానో చెప్పను, చెబితే నీకు గర్వం. మూడోది చదివాక మాత్రం కాగితం కొన్నాను.

నువ్వు కొత్త రిపోర్టులో ఒక అబద్ధం రాశావు. మొదటిదాంట్లో లేదు గాని దీన్లో ఉంది. ‘తిప్పి ఉంటానన్న నమ్మకంతో’ అన్నావు. అలాంటి నమ్మకం నాకు లేదు.

ప్యానెల్ మీద మాన్యువల్‌కి పసుపు దీపం, ఆటోకి ఆకుపచ్చ దీపం. నేను స్టీల్ ప్లాంటు కంప్రెసర్ హౌసులో పద్నాలుగేళ్ళు చేసినవాణ్ణి. దీపం చూడకుండా చెయ్యి పెట్టను. ఆరోజు పళ్ళెం పట్టుకుని తలుపు అద్దంలోంచి చూశాను. నువ్వు తాళంచెవి పట్టుకుని నిలబడ్డావు. తర్వాత జేబులో వేసుకుని వెళ్ళిపోయావు. దీపం ఆకుపచ్చగానే ఉంది. అన్నీ చూసి అప్పుడు వెలిగించాను.

ఎందుకంటే నాక్కూడా చూడాలనిపించింది. ఆమెకు ఆ వ్యాసం ఎక్కువా నేను ఎక్కువా, పొగ లేస్తే పరిగెత్తుకు వస్తుందా రాదా అని. ఈ వయసులో ఇదేం బుద్ధని అడుగు, పడతాను. నువ్వు అక్కడ కుర్చీలో గెలుస్తున్నావు, నేను ఇక్కడ పళ్ళెంతో గెలుస్తున్నాను. మధ్యలో చిలకమ్మ గుడ్డ పట్టుకుని నిలబడి ఉందని మనిద్దరికీ పట్టలేదు. దేవుడి పేరు చెప్పి నేను చేసిన పని అది. దేవుడి మీద నువ్వు రాసే వ్యాసంలో ఇది కలుపుకో, నాకు అభ్యంతరం లేదు.

నేను ఇల్లు వదిలింది నీ రిపోర్టు మీద కోపంతో కాదు. దాంట్లో నేను మీట నొక్కలేదని రాస్తే, దీపం చూశాడని రాయలేదు కదా అని లోపల్లోపల ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరి పీల్చుకున్నందుకు నీ ఎదురుగా కూర్చుని అన్నం తినలేకపోయాను. నువ్వు ముందు చెప్పేశావు. నువ్వెప్పుడూ అన్నిట్లో ముందే.

నిన్న పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాను. చిలకమ్మకి రెండు రిపోర్టుల సంగతీ చెప్పాను. ఆమె అడిగింది, “రెండిట్లోనూ నానేటి సెప్పానని రాసినారు బాబూ?” ఏమీ రాయలేదన్నాను. “మరి ఎవులి సెవి గురించి రాసినట్టు?” అంది. ఆ తర్వాత నేను ఏం మాట్లాడినా నెత్తళ్ళు కుప్ప పోసుకుంటూనే ఉంది. లేచేటప్పుడు, వస్తాను గాని నా మాట నానే సెప్తాను, మీరిద్దరూ నోర్మూసుకోవాలి అంది. నీకు కష్టమే.

బుధవారం ఆమెతో వస్తాను. దీపం సంగతి నా నోటితో చెప్తాను. నా వంతు తప్పు నువ్వు మోయొద్దు, అది నాది, నాకే ఉంచు. ఏం శిక్ష వేస్తారో వేస్తారు. ఐసు ఫ్యాక్టరీలో మేస్త్రీకి బుధవారం సెలవని ఇప్పుడే చెప్పేశాను.

ఇంటికి రమ్మని రాశావు. దానికి ఈ ఉత్తరంలో జవాబు లేదు. కాగితం మీద అడిగితే నేను కాదనగలను, పదకొండు నెలలుగా కాదంటూనే ఉన్నాను. ఎదురుగా నిలబడి అడిగితే కాదనలేను, అది నీకూ తెలుసు. చిలకమ్మ మాట అయిపోయాక, ఆ ఆఫీసు మెట్ల మీదే, ఎదురుగా నిలబడి అడుగు.

దాలయ్య